ఉయ్యాలలో పాటపెట్టె

ధర్మవరం,
1966 జులై, శుక్రవారం

మోగింది తల్లీ, నీ పాట మన ఇంట్లో మోగింది! ముందు ఈ మాట రాసేయకపోతే చెయ్యి నిలిచేలా లేదు. ఇప్పుడు పద్ధతిగా మొదలుపెడతాను.

నా బంగారుతల్లి గౌరికి నీ నాయన సంజీవప్ప మనసారా దీవించి రాసేది. మేమిద్దరం బాగున్నాం. నీకు ఏడో నెల కదా, బిందెలు ఎత్తొద్దు, చింతపండు మీద మనసు పోతోందని ఊరికే తినొద్దు. హిందూపురంలో మీ ఇంటి చుట్టూ చింతపండు మండీలే కాబట్టి చెబుతున్నాను. అల్లుడు రామచంద్రకు నా ఆశీస్సులు. ఆయన స్నేహితుడు నీ పాట ఉన్న ప్లేటును రైల్లో ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి నా చేతికిచ్చాడు. ఒక్క గీత పడలేదు. ఆ అబ్బాయి చల్లగా ఉండాలి.

ప్లేటు వచ్చింది కానీ మోగించే పెట్టె మనకు లేదు కదా. పెనుకొండలో పెళ్ళిళ్ళకు మైకుసెట్టు కట్టే కొండప్పకు కబురు పెట్టాను. చిన్నప్పుడు వాడూ నేనూ ఒకే బడి ఎగ్గొట్టిన జతగాళ్ళం. వాడు మరుసటి రోజే కొత్త పాటపెట్టె పట్టుకుని రైలు దిగాడు. సూట్‌కేసులా మూత ఉంటుంది. కరెంటు అక్కర్లేదు, టార్చిలైటుకు వేసే సెల్లులు వేస్తే చాలు, తిరుగుతుంది. నువ్వు పాడిందానివే కానీ దీన్ని మోగించడం నీకూ తెలియదు కాబట్టి, రేపు నీ ఇంట్లోకి ఒకటి వస్తే పనికొస్తుందని, వాడు నాకు నేర్పినదంతా రాస్తున్నాను. జాగ్రత్తగా చదువుకో.

రాగానే వాడు అడిగిన మొదటి మాట, “ఏమప్పా సంజీవప్పా, చేతులు కడుక్కుంటివా?”

“ఇప్పుడేం భోజనమా పెడ్తాండావు?”

“భోజనానికి కడగకున్నా పర్వాల్యా. దీనికి కడగాల. ఏలి జిడ్డు తగిలితే ఆ జిడ్డుకు దుమ్ము పట్టుకుంటాది, దుమ్ములో సూది గరగరమంటాది. పక్కలు పట్టుకో, మొహం మీద ఏలు పెట్టాకు.”

అలా రెండు అరచేతుల అంచుల మధ్య ప్లేటును పట్టుకోవాలమ్మా. వెలుతురులో అటూ ఇటూ వంచి చూశాను. మగ్గం మీద పడుగు పోగులు పరిచినట్టు సన్నటి గీతలు. “అబ్బా, ఎన్ని పోగులు!” అన్నాను. కొండప్ప పకపకా నవ్వాడు. “ఒకటేనప్పా! ఈ అంచుకాడ మొదలైతే లోపలిదాకా చుట్టుకుంటా పోయేది ఒకే పోగు. ఎంత నేసినావో కానీ ఇది తెలీదా?” నాకు ఒళ్ళు పులకరించింది తల్లీ. నీ గొంతు అంతా ఒకే పోగుగా, యాడా ముడి లేకుండా చుట్టుకుని ఉందన్నమాట.

నేను ఊరుకున్నానా? ప్లేటు మీద దుమ్ము ఉందేమోనని, పడుగుకు గంజి పట్టించినట్టు తడిగుడ్డతో అడ్డంగా ఒక తుడుపు తుడవబోయాను. కొండప్ప నా చెయ్యి పట్టుకుని కేక పెట్టాడు. “ఓరి నీ నేతపని పాడుగాను! ఇదేమన్నా చీరనా? పొడి మెత్తని గుడ్డతో, గీత ఎట్ల పోతాండాదో అట్లే, గుండ్రంగా తుడువు!” మన ఇంట్లో మెత్తని పట్టుముక్కకు కొదవా? దానితోనే తుడిచాను.

ఇంకా ఉంది. వాడి దగ్గర పాతది, హ్యాండిలు తిప్పే గ్రామఫోను ఉంది చూడు, దాని మీద ఈ ప్లేటు ఎప్పుడూ పెట్టకూడదట. ఆ పాత లక్క ప్లేట్లు కిందపడితే కుండపెంకుల్లా పగులుతాయి కానీ, బరువైన ఇనుప సూదికి తట్టుకుంటాయి. మన ప్లేటు వంచితే వంగుతుంది, పగలదు. కానీ మెత్తనిది కాబట్టి ఆ ఇనుప సూది దీన్ని దుక్కి దున్నేస్తుందట. పాత ప్లేటుకు సూది మారుస్తూ ఉండాలి. ఈ కొత్త పెట్టెలో సూది చివర సన్నని రాయి ఉంటుంది, చాలా రోజులొస్తుంది. పక్కన ఒక మీట ఉంది. దాన్ని నలభై అయిదు అంకె మీద పెట్టాలి. డెబ్బై ఎనిమిది మీద పెడితే నువ్వు ఉడుతలా పాడతావు. కొండప్ప నవ్వించడానికి ఒకసారి అలా పెట్టి చూపించాడు, నేను వాణ్ణి కొట్టబోయాను. ఎండలో పెడితే ప్లేటు అప్పడంలా వంకరపోతుంది. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకూడదు, పుస్తకంలా నిలబెట్టాలి. సూది ఉన్న ఆ చేతిని అంచు మీద దించేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. ఇది కొండప్ప చెప్పలేదు, నాకే అలా అయింది.

కొద్దిసేపు బరబరమంది. ఆ తరువాత నువ్వు. నా ఎదురుగా, మన ఇంట్లో, నువ్వు! కళ్ళు తుడుచుకోవడానికి ఆ పట్టుముక్కే చేతికి దొరికింది.

ఒక్కటి నాకూ అర్థం కాలేదు, కొండప్పకూ అర్థం కాలేదు. పాటలో తబలా లేదు, హార్మోనియం లేదు. ఒట్టి గొంతు. అదీ ఒక్కో మాట తరువాత కాసేపు ఆగి, మళ్ళీ అందుకుంటావు. “కంపెనీవాళ్ళు వాయించేవాళ్ళను పిలవల్యా ఏమి? మధ్యలో సందులు పెట్టిందే పాప!” అన్నాడు. ఎందుకలా పాడావో రాయి.

ఇప్పుడు దాచకుండా అసలు సంగతి రాస్తాను. ఈ పాట మీ అమ్మ వినలేదు.

నువ్వు బెంగుళూరు పోయి ప్లేటుకు పాడి వస్తానన్న రోజు మీ అమ్మ కదిరమ్మ అన్న మాటలు నువ్వూ మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. “ఈ జోలపాట మా అమ్మ మగ్గంలో కూర్చోని పాడింది, నేనూ మగ్గంలోనే పాడినా. మగ్గం పలక దెబ్బే దానికి తాళం. దాన్ని తీసకపోయి తబలావాళ్ళ చేతిలో పెడ్తావా?” అంది. నువ్వు ఏడుస్తూ రైలెక్కావు. అప్పటినుంచీ ఈ ఇంట్లో నీ పేరు నా నోటే వినబడుతోంది. తొలి కాన్పుకు తల్లి వచ్చి, ఒడి నింపి, పుట్టింటికి తీసుకుపోవాలి కదా. నువ్వేమో “అమ్మ తన నోటితో పిలిస్తేనే వస్తాను, లేదంటే ఇక్కడే ఆసుపత్రిలో కంటాను” అని రాశావు. ఆ ముక్క మీ అమ్మకు చదివి వినిపించాను. పోగున్న నాడె అటూ ఇటూ విసిరింది, దాన్ని బిగించే పలక కొట్టింది, అంతే.

నా మోకాళ్ళు చెడినప్పటినుంచీ మగ్గం మీ అమ్మే నేస్తోందని తెలుసు కదా. ఇప్పుడు ఆ మగ్గమే అడ్డమైంది. పలక దెబ్బ పడితే మన ఇంటి నేలంతా అదురుతుంది. నేల అదిరితే సూది ఎగిరి ఇంకో గీతలో పడుతుంది. నీ పాట తునకలు తునకలవుతుంది. “వదినా, కొంచేపు మగ్గం నిలుపు” అని కొండప్ప బతిమాలితే, “నిలుపుతా, నేను యల్లక్క ఇంటికి పోతా. నేను పోయినాంక పెట్టుకోండి” అని పక్కింటికి వెళ్ళిపోయింది. అలా పోయినప్పుడు విన్నదే పైన రాసింది. ఆమె ఇంట్లో ఉంటే మగ్గం కొడుతుంది, మగ్గం ఆపితే ఇంట్లో ఉండదు. నేనేం చేయను తల్లీ?

కొండప్ప పెట్టె ఇక్కడే వదిలి వెళ్ళాడు. వచ్చే బుధవారం వాడికి పెనుకొండలో ఒక పెళ్ళి ఉంది, ఆ పొద్దున వచ్చి తీసుకుపోతాడు. ఆలోగా ఏదో ఒకటి చేస్తాను. నువ్వు దిగులు పెట్టుకోకు.

ఇట్లు,
నీ పాట విన్న నాయన
సంజీవప్ప


ధర్మవరం,
బుధవారం

గౌరీ, మీ అమ్మ నిన్ను పిలుచుకురావడానికి వస్తోంది! శనివారం బండికి! మేమిద్దరం!

నా కన్నతల్లీ, ఈ ఉత్తరం గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో. ఏ దేవుడికి దండం పెట్టాలో తెలియక ముందు కొండప్పకు పెట్టాను, వాడు తిట్టాడు.

ఈ అయిదు రోజులూ ఏం చేశానో చెబుతాను. మీ అమ్మ మగ్గం ఎక్కినప్పుడల్లా నేను ప్లేటు పెట్టడం, సూది ఎగరడం, పాట తెగడం. పెట్టె కింద బొంత వేశాను, తెగింది. ఇసుక మూట మీద పెట్టాను, తెగింది. మీ అమ్మ తల ఎత్తలేదు. కానీ ఒకటి గమనించాను. పాట తెగినప్పుడల్లా ఆమె చెయ్యి ఒక్క క్షణం నిలుస్తోంది. పోగు తెగితే నిలిచినట్టే.

ఈ పొద్దున కొండప్ప వచ్చాడు. “ఇంక తీసకపోతానప్పా, పందిట్లో వాళ్ళు నా కోసం చూస్తాంటారు” అన్నాడు. చివరిసారి అని నేను మళ్ళీ పెట్టాను. రెండు మాటలు పాడి మళ్ళీ తెగింది. అప్పుడు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంతలోంచి మీ అమ్మ గొంతు వచ్చింది.

“ఏమయ్యా, తెగిన పోగుతో ఎన్ని దినాలు నేస్తావు? వినలేక సస్తాండా!”

“నువ్వు మగ్గం నిలిపితే తెగదు కదే.”

“మగ్గం నిలిపితేనే పండుకునే బిడ్డా అది? ఈ పక్కనే, ఈ దూలానికే కదా దాని ఉయ్యాల కట్టింది? ఈ చప్పుడులో ఒక్కనాడన్నా ఉలికిపడి లేచిందా?”

కొండప్ప ముందు తేరుకున్నాడు. “వదినా! పెట్టె నేలకు తగలకుంటే దానికి అదురు రాదు! అంతే కదా! నాకు తట్టల్యా చూడు!” అని గెంతులేశాడు. మీ అమ్మ గుంతలోంచి లేచి, మా ఇద్దరినీ పక్కకు జరిపి, నిచ్చెన వేసుకుని తానే అటక ఎక్కింది. నువ్వు పడుకున్న చెక్క ఉయ్యాల దించింది. దుమ్ము దులిపింది. నాలుగు తాళ్ళు తానే బిగించి దూలానికి కట్టింది. పాత పట్టుచీర మడతపెట్టి అడుగున పరిచింది. కొండప్ప పెట్టెను అందులో దించి, అటూ ఇటూ వాలకుండా సరిచూసి, ఊగడం ఆగేదాకా పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే యల్లక్క గడపలోకి వచ్చి గుండె మీద చెయ్యి వేసుకుంది. “ఏందక్కా ఇది! మనవడు పుట్టకముందే ఉయ్యాల కట్టినావు! ఖాళీ ఉయ్యాల కట్టగూడదని నీకు తెలీదా?”

మీ అమ్మ ఏమందో తెలుసా తల్లీ? ఈ మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

“ఖాళీ యాడుండాది? నా కూతురు ఉండాది దాంట్లో.”

అని, పోయి మగ్గంలో కూర్చుంది. సూది నేనే దించాను. ఆమె పలక కొట్టింది. నేల అదిరింది. ఉయ్యాల కదల్లేదు. నువ్వు పాడుతూనే ఉన్నావు. ఇప్పుడు విను. నువ్వు ఒక మాట పాడి ఆగావు. ఆ ఆగిన చోట మీ అమ్మ పలక దెబ్బ పడింది. మళ్ళీ పాడి ఆగావు. మళ్ళీ పడింది. మొదట కొంచెం వెనకా ముందూ అయ్యింది కానీ, మీ అమ్మ చెయ్యి నీ పాటను పట్టుకుంది. ఆ తరువాత గొంతు నీది, తాళం ఆమెది. కొండప్ప సందులు అన్నాడే, అవి సందులు కావు! నేను ఒట్టి మొద్దును, ఇంట్లో కూర్చుని విని కూడా కనుక్కోలేకపోయాను.

ప్లేటు అయిపోయి గరగరమంటుంటే సూది నేనే ఎత్తాను. మీ అమ్మ నాడె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“తబలావాళ్ళను రానీల్యా అది,” అంది. “నా మగ్గానికి చోటు వదిలిపెట్టింది.”

ఆ తరువాత కొంగుతో మొహం తుడుచుకుని, నా మీద పడింది. “ఏమట్ల చూస్తాండావు? ఒడిబియ్యానికి కొత్త బియ్యం తేపో. నా బిడ్డను ఆసుపత్రిలో కననిస్తానా? శనివారం పోదాం. నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే రైలెక్కుతా.” కొండప్పతో, “నువ్వు తీసకపోవాకు దాన్ని” అంది. వాడు, “పెళ్ళి ఉండాది వదినా, పాత గ్రామఫోను కట్టుకుంటాలే. పెండ్లికొడుకు దాంట్లో మోగే పాటే ఇంటాడులే” అని ఒట్టి చేతులతో పెనుకొండ బండెక్కాడు. అంతటి మనిషి తల్లీ! వాడి పిల్లలు చల్లగా ఉండాలి. నీ ప్లేటు జాగ్రత్తగా తెచ్చిన ఆ అబ్బాయికి, నిన్ను పాడుకోనిచ్చిన అల్లుడికి, ఆ అల్లుణ్ణి కన్న మీ అత్తకు, అందరికీ నేను ఎన్ని జన్మలకు రుణపడ్డానో.

మీ అమ్మ మళ్ళీ మగ్గం ఎక్కింది. పాట మళ్ళీ పెట్టమంటోంది. కాబట్టి ముగిస్తాను. నువ్వు మాత్రం వెంటనే అందరికీ చెప్పు. ముందు మీ అత్తమామలకు, మర్యాదగా, మేము వచ్చి అడిగేలోపే వాళ్ళ చెవిన వేయి. తాడిమర్రిలో మీ మేనత్త లక్ష్మక్కకు, ఆమె నీ కాన్పుకు కావాల్సిన కారం, మిరియం అన్నీ దంచి సిద్ధంగా పెట్టుకుని నీ మాట కోసమే చూస్తోంది. అమరాపురంలో మీ పిన్నమ్మ మారక్కకు, ఆమెకు కన్నడంలో రాయించు, త్వరగా చదువుతుంది. నంబులపూలకుంటలో చిన్నాయన గంగన్నకు, మీ అమ్మ నీతో ఇక మాట్లాడదని పందెం కాసింది ఆయనే, ఆయనకు రెండుసార్లు చెప్పు. అల్లుడి స్నేహితుడికి, నేను పేరు అడగడం మరిచిపోయాను, అడిగి రాయి.

ఆఖరున నీ కడుపులో ఉన్న చిన్న ప్రాణానికి కూడా చెప్పు: ఉయ్యాల కట్టేసి ఉంది, ప్రస్తుతం అందులో మీ అమ్మ ఉంది, నువ్వు రాగానే దిగుతుంది.

ఇట్లు,
శనివారం బండికి వస్తున్న
నీ నాయన సంజీవప్ప, నీ అమ్మ కదిరమ్మ