బావ ఫోనులో కథలు

అక్కా,

చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ పాపా కులాసాగా ఉన్నారనుకుంటాను.

నువ్వడిగిన వాటికి ముందు జవాబులు. మెడనొప్పి తగ్గింది. కళ్ళద్దాలు మార్చాను. పొద్దస్తమానం తలవంచుకుని సెల్‌ఫోన్లు బాగుచేస్తే మెడ పట్టక ఏంచేస్తుందని మీ మరిది వెక్కిరింపు. ఆయన నోటిని బాగుచేసే విద్య నాకు రాదు. బావ తనకోసం రికార్డు చేసిన కథలు ఎప్పుడు వినొచ్చని పాప అడుగుతోందన్నావు. ఆ సంగతికే వస్తున్నాను.

ఫోనులో ఏం చెడిందో పరీక్షించి చెప్పే సాఫ్ట్‌వేర్‌ని కంపెనీవాళ్ళు ఇన్నాళ్ళూ సొంత సర్వీసు సెంటర్లకే ఇచ్చేవారు. మా చిన్న కొట్ల పని గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉండేది. పోయిన నెల మాకూ ఇచ్చారు. నువ్వు సంతోషిస్తావని తెలిసే ఇన్నాళ్ళూ నీకు రాయలేదు.

మొన్న ఒక టీచరమ్మ బావ ఫోను లాంటిదే తెచ్చింది. అదే మోడలు, అదే జబ్బు. ఉన్నట్టుండి ఆగిపోయిందట, ఛార్జింగు ఎక్కడం లేదట. ఆ సాఫ్ట్‌వేర్‌తో పరీక్ష పెట్టాను. బోర్డుకేమీ కాలేదు, ఛార్జింగు దగ్గరి చిన్న ముక్క ఒక్కటే పోయిందని చూపించింది. మార్చడానికి పది నిమిషాలు పట్టింది. అందులో అన్నీ భద్రంగా ఉన్నాయి. "చల్లగా ఉండమ్మా" అని ఆవిడ దీవించింది. నేను తలెత్తలేకపోయాను.

అక్కా, నీకు అబద్ధం చెప్పాను. ఆ సాఫ్ట్‌వేర్ వస్తే కథలు తీసిస్తానని ఏడాదిగా నమ్మించాను. బావ పోయాక నువ్వు ఆ ఫోను పంపిన వారానికే, లోపం బోర్డులోనే ఉందని ఊహించి వేడిగాలి కొట్టే హీట్‌గన్ పెట్టాను. కథలున్న మెమరీ చిప్పు మాడిపోయింది. అది ఎలాగూ చచ్చిన ఫోనే కదా అని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాదక్కా, అప్పటికి బతికే ఉంది. నేనే చంపాను.

ఇప్పుడది సొరుగులో మోగినట్టే ఉంటుంది. పని ఆపి తెరిచి చూస్తాను. "ఏదీ మోగలేదే" అంటాడు మీ మరిది. అయినా మళ్ళీ తెరుస్తాను.

ఆదివారం వస్తున్నాను. నన్ను తిట్టు, గుమ్మంలోనే నిలబెట్టు, పడతాను. పాపకి మాత్రం నువ్వు చెప్పొద్దు. "నా కథలేవి పిన్నీ" అని అది అడిగితే, నేనే కాల్చేశానని దాని మొహం చూసి చెప్పాలి.

ఇట్లు,
నీ చెల్లెలు