లిఫ్టు పక్కన జాగ

భివండి,
శుక్రవారం పొద్దున

అక్కా,

నీకూ బావకూ నా దండాలు. ఇక్కడ నేను, నీ మరిది, మేఘన ముగ్గురం బాగానే ఉన్నాం. మీరంతా ఎట్లా ఉన్నారు? నీ నడుం నొప్పి తగ్గిందా? బావ దగ్గు ఎట్లా ఉంది? అత్తమ్మ అన్నం సరిగా తింటోందా? ఫోనులో ఏదడిగినా "మంచిగనే ఉన్నం" అంటావు. అందుకే ఉత్తరంలో అడుగుతున్నాను. తీరిగ్గా కూర్చుని నిజం రాయి.

ఈ రోజు నాకు సెలవు. ఈ పూట కరెంటు లేదు. మా శాంతినగర్‌లో సాంచెలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. పగలూ రాత్రీ ఆ మగ్గాల చప్పుడులోనే బతికే మాకు, అది ఆగితే ఊరంతా నీళ్ల అడుగుకు పోయినట్టు ఉంటుంది. కిటికీ జాలీకి పట్టిన దూది నూగు వానగాలికి మెల్లగా ఊగుతోంది. నీ మరిది చాప కూడా వేసుకోకుండా బండల మీదే నిద్రపోయాడు. నాకు నీతో మాట్లాడాలనిపించింది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. వానల మొదట్లో నేను పడ్డాను. భయపడకు, ఇప్పుడు బాగున్నాను. నిజంగా బాగున్నాను.

మేము కొన్న ఈ బిల్డింగులో కింది అంతస్తంతా బండ్లు పెట్టుకునే జాగ. లిఫ్టు పక్కన నేల చదునుగా, పొడిగా ఉంటుంది. నా పక్కచక్రాల స్కూటీ అక్కడ పెట్టుకుంటే చంకకర్రతో నాలుగడుగులు వేసి లిఫ్టెక్కవచ్చు. కానీ నాకిచ్చిన చోటు వెనక గోడ దగ్గర, రేకుల కింద. అక్కడి నుంచి లిఫ్టు దాకా నడిచే దారిలో మోరీ పొంగి నీళ్లు నిలుస్తాయి. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి బండి దిగి నడుస్తుంటే కర్ర జారింది. నీళ్లలో వెల్లకిలా పడ్డాను. నొప్పి కూడా వెంటనే తెలియలేదక్కా. పైన రేకుల మీద వాన, చెవుల్లో నీళ్లు, దూరంగా సాంచెల చప్పుడు. ఎవరో జోకొడుతున్నట్టు అట్లాగే పడి ఉన్నాను. మెట్ల మీది నుంచి మేఘన చూసి అరిచింది: "పప్పా, లవ్‌కర్ యా! అమ్మ పడ్డది!" తొందరగా రమ్మని మరాఠీలో.

మోచెయ్యి వాచి కొన్నాళ్లు పనికి పోలేదు. కాల్హేర్ గోదాములో నాది కూర్చుని పార్శిళ్లకు చీటీలు అంటించే పని. ఆ పని నాకిష్టం. పొద్దున్నే ధామన్కర్ నాకా రద్దీలో ఆటోల మధ్యన నా బండి కూడా ఒక బండిగా పోతుంటే, తడి గాలి మొహానికి తగులుతుంటే, నాకు కాలున్నదో లేదో గుర్తే ఉండదు. ఆ సుఖం పోతుందేమోనని భయమేసింది.

మా బిల్డింగు సొసైటీ చైర్మన్ సాబ్ దగ్గరికి వెళ్లి లిఫ్టు పక్కన జాగ అడిగాను. మంచి మనిషే. వాచ్‌మన్ ఉన్నాడు కదా, రోజూ చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు అన్నాడు హిందీలో.

"హాథ్ నహీ చాహియే సాబ్, జగహ్ చాహియే" అన్నాను. చెయ్యి వద్దు, జాగ కావాలి అని.

నువ్వు తప్పుగా అనుకోకు. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని బడికి తీసుకుపోయింది నువ్వే. నీ నడుం అప్పుడే పోయిందని నాకు తెలుసు. నిన్ను నేను మరువలేను. కానీ మోయించుకునేవాళ్లకు ఎట్లా ఉంటుందో మోసేవాళ్లకు తెలియదక్కా. దాహమైనా అడగకుండా కూర్చునేదాన్ని, మళ్లీ నిన్ను లేపాల్సి వస్తుందని.

ఇక అసలు కష్టం విను. ఆ లిఫ్టు పక్కన ఏళ్ల తరబడి ఒక కారు నిలబడి ఉంది, గుడ్డ కప్పి. అది నర్సయ్య సేటుది. మన సిరిసిల్ల దిక్కు నుంచే వచ్చి ఇక్కడ సాంచెల కార్ఖానా పెట్టినాయన. మేమంతా పెద్దయ్య అంటాం. ఆ కారును ఎవరూ నడపరు. రోజూ సాయంత్రం పెద్దయ్య కిందికి వచ్చి, గుడ్డ తీసి, అద్దాలు తుడిచి, మళ్లీ కప్పి పోతాడు. చైర్మన్ సాబ్ ఆయన్ను అడగలేనన్నాడు. నేనే అడిగాను.

పెద్దయ్య కారు మీది గుడ్డ సరిచేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఆ కారు తియ్యనీకి రాదు బిడ్డా. మా శ్రీకాంత్ ఆడ పెట్టి పైకొచ్చిండు. మంచినీళ్లు తాగి కూసున్నడు. గంతే."

శ్రీకాంత్ ఆయన కొడుకు. ఒక్కడే. గుండె ఆగిందట.

ఇంటికొచ్చి నీ మరిదితో "విడిచిపెడుదమా?" అన్నాను. "నీ ఇష్టం. గని నువ్వు ఇంకోసారి పడితే నేను ఊకుండ" అన్నాడు. ఆ రోజంతా కళ్లు మూసుకున్నా తెరిచినా ఆ కప్పిన కారే కనిపించింది. నేనూ మనిషినే కదా. కానీ పొద్దున లేచి బండి వరకు నీళ్లలో నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ కర్రను రెండుసార్లు ఆనించి చూసుకున్నాను. మా గోదాములో లెక్కలు చూసే మేడం, నాలాంటివాళ్లకు దగ్గర జాగ ఇవ్వాలని సర్కారు రూలే ఉందంది. నా వికలాంగుల సర్టిఫికెట్ జతచేసి సొసైటీకి అర్జీ పెట్టాను.

ఆదివారం అందరూ కింద కుర్చీలేసుకుని కూర్చున్నారు. ముసలాయన్ను ఏడిపించడం ఎందుకని కొందరు గొణిగారు. నేను లేచి, నాకు దయ వద్దు, పడకుండా ఇంటికి చేరితే చాలు అన్నాను. చేతులెత్తమంటే ఎక్కువమంది నా వైపే ఎత్తారు. పెద్దయ్య ఎవరినీ చూడకుండా లేచి లిఫ్టెక్కి వెళ్లిపోయాడు.

కారు తీసిన రోజు ఇంజను పలకలేదు. టైర్లలో గాలి లేదు. మనుషులు నెట్టారు. పెద్దయ్య బానెట్ మీద చెయ్యి వేసి పక్కనే నడిచాడు. కారు కదిలాక కింద ఒక్క దూది నూగు కూడా లేని శుభ్రమైన నేల బయటపడింది. కారును వెనక గోడ దగ్గర, నా పాత చోట్లో పెట్టారు. లిఫ్టు పక్కన పసుపు రంగుతో చక్రాల కుర్చీ బొమ్మ వేశారు. మొదటి సాయంత్రం ఆ బొమ్మ మీద బండి ఆపి, దిగకుండా అట్లాగే కూర్చున్నాను. గెలిచినట్టు లేదక్కా. ఎవరి నిద్రలోకో చెప్పులతో వచ్చినట్టు ఉంది.

ఆ తర్వాత పెద్దయ్య నాతో మాట్లాడలేదు. రోజూ పంచె పైకి పట్టుకుని, గుడ్డ చేత్తో పట్టుకుని, ఆ మోరీ నీళ్లలోనే నడిచి కారు దగ్గరికి పోవడం చూశాను. మోరీ బాగు చేయించమని చైర్మన్ సాబ్‌ను అడిగితే వానలు తగ్గాక అన్నాడు. జాగ తిరిగి ఇవ్వను. ఇవ్వకూడదు. కానీ చూస్తూ లిఫ్టెక్కడం కూడా నాతో కాలేదు.

మొన్న పని నుంచి వచ్చేసరికి ఆయన నీళ్ల అంచున నిలబడి ఉన్నాడు. సన్నగా వాన. వెళ్లి పక్కన బండి ఆపాను.

"ఎక్కుండ్రి పెద్దయ్యా."

ఆయన నన్ను చూశాడు, నీళ్లను చూశాడు. ఎక్కాడు.

"జాగ నీదే బిడ్డా. కాదంటలేను. గని నా కోపం పోలే."

"పోకున్నా సరే. గట్టిగ పట్టుకోండ్రి, నీళ్లల్ల బండి ఊగుతది."

నా భుజం మీద చెయ్యి వేశాడు. నీళ్లు రెండు పక్కలకూ మెల్లగా విచ్చుకున్నాయి. ఎంత మెల్లగా నడిపానంటే, మేము కదులుతున్నామో, గోడలే వెనక్కి పోతున్నాయో తెలియలేదు. ఆయన అద్దాలు తుడిచేదాకా బండి మీదే కూర్చుని ఉన్నాను. మళ్లీ లిఫ్టు దగ్గర దింపాను. దిగి, చేతిలోని తడిగుడ్డ పిండుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగాడు:

"రేపు ఎన్నింటికొస్తవు?"

కరెంటు వచ్చింది అక్కా. సాంచెలు మొదలయ్యాయి, నీ మరిది లేచి చాయ్ అడుగుతున్నాడు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చింతకాయ తొక్కు పంపు. మేఘనకు అన్నంలోకి అదే కావాలి. బావకూ అత్తమ్మకూ నా మొక్కులు చెప్పు. పిల్లలను నా పేరు చెప్పి ముద్దు పెట్టుకో. నువ్వు నడుముకు పట్టీ వేసుకో. పెద్దవాళ్లు మీరంతా మా ముగ్గురినీ చల్లగా ఉండమని దీవించండి.

నీ చెల్లె,
సువర్ణ