మనకేం ఫికర్, మస్తుగున్నరు

తమ్మీ,

నిన్న లాల్‌దర్వాజాలో జపాన్ ఉద్యోగాల మీటింగ్ పెడితే వెళ్లాను. అక్కడ ముసలివాళ్లను చూసుకోవడానికి మాలాంటి నర్సులు కావాలట. కోటు వేసుకున్న ఒకాయన తెర మీద రెండు దేశాల జనాభా బొమ్మలు చూపించాడు. జపాన్ బొమ్మ పైభాగం బరువెక్కి ఉంది, అంతా ముసలివాళ్లే. మనది కింద కుండలా ఉబ్బి ఉంది, అంతా కుర్రవాళ్లే.

"వాళ్లకు పోరగాండ్ల కరువు. మనకేం ఫికర్? మస్తుగున్నరు. ఒకడు పోతే పదిమంది వస్తరు," అన్నాడు. హాలంతా నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. నువ్వు మ్యాన్‌హోల్లో ఊపిరాడక పోయిన రోజు కాంట్రాక్టర్ మన బాపుతో అన్నదీ ఇదే మాట. దేశానికి బలం మీ కుర్రవాళ్లేనంటారు. ఆ బలాన్ని మురికిలోకి దించేటప్పుడు నడుముకు ఒక తాడు కట్టడానికి మాత్రం చేతులు రావు.

లేచి అడిగాను. "వాళ్లను ముసలోళ్లయ్యేదాంక బత్కనిచ్చిండ్రు గదా సార్. మనోళ్లను గట్ల ఎవలు బత్కనిస్తున్నరు?"

"గది వేరే టాపిక్, కూసోమ్మా," అన్నాడు.

ఇవాళ పెత్రమాస, పెద్దల అమావాస్య. బాపు ఎప్పటిలాగే పోయినవాళ్ల పేరున బియ్యం, కూరగాయలు పట్టుకుని గుడికి వెళ్లాడు, నేనూ వెంట వెళ్లాను. "మీ ఇంటి పెద్దల పేర్లు చెప్పుండ్రి," అన్నారు అయ్యగారు. బాపు తాత పేరు చెప్పాడు, నానమ్మ పేరు చెప్పాడు. ఆ తర్వాత నీ పేరు చెప్పాడు.

మనది కుర్ర దేశమట తమ్మీ. ఇరవై రెండేళ్లకే నువ్వు మన ఇంటి పెద్దల్లో చేరిపోయావు.

అక్క