కంప తీసిన పూట

బుధవారం

ఇది రాయకుండానే పండుకుందామనుకున్నా. వాలీబాల్ మైదానం బాగుచేసేదానికి మా ఇండ్ల వెనక ముళ్ళకంప తీసేయమని ఆడే పిల్లోళ్ళకు చెప్పింది నేనే. ఈ పొద్దున తీసేసినారు. ఆ కంప ఏనాడూ దొంగను పట్టలేదు, నా పంచెలను మాత్రం శానాసార్లు పట్టింది.

పొద్దుగూకే వేళకు పక్కింటి నరసమ్మ మేక కనిపించలేదు. ఆమెకుండేది అదొక్కటే.

"ఏమప్పా పెద్దమనిషీ, దొంగలకు బాట వేసిస్తివి గదా!" అని వీధంతా వినేట్లు అరిచింది.

వెతికితే మైదానంలోనే ఉండాది. వలకు పచ్చి వేపగుంజలు నాటినారు, ఆకు దుయ్యకుండానే. ఈ కరువులో పచ్చగా ఉండేది అదే గదా, మేక ముందుకాళ్ళెత్తి ఆ ఆకు మేస్తాండాది. నా ప్రాణం లేచొచ్చింది. నరసమ్మ నవ్వింది గానీ, కంప మళ్ళీ వెయ్యమనింది. రేపు అందరూ అదే అంటే...

ఇంటికొస్తే మా ఆమె ఎన్నడూ లేనిది లోపల గడియ వేసుకొని ఉండాది. నా పేరు చెప్తే గాని తలుపు తీయలేదు.