ముందు వరసలో నీ చోటు

అక్కా, మెలకువ రాగానే గబుక్కున లేవకు. పక్కకు ఒత్తిగిల్లి, చేతి ఆసరాతో నెమ్మదిగా కూర్చో. ఫ్లాస్కులో వేడినీళ్లున్నాయి. రబ్బరు సంచిలో నింపి, తువ్వాలు చుట్టి నడుముకు పావుగంట కాపడం పెట్టుకో. తరువాత వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలు మెల్లగా పొట్టకేసి తెచ్చుకో. నొప్పి పుడితే ఆపేయ్. పొయ్యి మీద కినోవా గింజల సూపు ఉంది.

నిన్న ఫిజియోథెరపిస్టు ఎరిక నాతో అన్న మాట నువ్వూ విన్నావు. "వేషం కాదమ్మా ఇది. దెబ్బ తగిలిన చోటును కాపాడుకోడానికి కండరం బిగుసుకుపోయింది. గుంజితే ఇంకా బిగుస్తుంది."

ఆదివారం రిహార్సల్లో నువ్వు పడిపోయాక గుంజింది నేనే. "లే అక్కా, కార్నివాల్ పండగ ముందర చాలించు నీ వేషాలు!" అంటూ నాట్యబృందమంతా చూస్తుండగా నీ రెండు చేతులూ పట్టి లాగాను. నువ్వు కెవ్వుమన్నా నమ్మలేదు. పైగా ముందు వరసలో నీ చోటు నాకిస్తామంటే సంబరంగా తీసుకున్నాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇప్పుడు రిహార్సలుకే వెళ్తున్నాను. నీది నటన అనడం నా తప్పని అందరి ముందూ ఒప్పుకుంటాను. ఆ చోటు నీకే ఉంచమని నాట్యం నేర్పే డోన్ సెవెరోని అడుగుతాను. కార్నివాల్ నాటికి నీకు నయం కాకపోతే, నేను మాత్రం అందులో నిలబడను.

నెల్వా

ఇంకో మాట. నిన్న ఎరిక నన్ను కూడా నీ నడుము మీద చేయి పెట్టి చూడమంది. నా చేయి తగలగానే నువ్వు ముడుచుకుపోయావు. నొప్పికి కాదక్కా, నాకు భయపడి.