ఆ వివరం చెప్పడానికి వీల్లేదు

ఆసుపత్రి రికార్డుల విభాగం వారికి,

నమస్కారం. ఇది మర్యాద కోసం పెట్టిన నమస్కారమే తప్ప భయంతో పెట్టింది కాదని ముందే మనవి.

మా అమ్మ గురించి రాస్తున్నాను. వయసు యాభై రెండు. పనిచేసిన దర్జీ దుకాణం మూతపడ్డాక ఇంటిపట్టునే ఉండేది. నెల రోజులుగా సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున తొమ్మిదింటికి బయల్దేరి మధ్యాహ్నం రెండింటికి వస్తోంది. ఎక్కడికమ్మా అంటే ఇక్కడికే అంటుంది. మా ఎదురుగా బండి పెట్టుకున్న ఇస్త్రీ అతను మాత్రం, ఆవిడ మీ ఆసుపత్రి వెనక తలుపు నుంచి లోపలికి వెళ్లడం రెండుసార్లు చూశాడట. పెద్దావిడకి ఒంట్లో ఎలా ఉంది బాబూ అని నన్నే అడిగాడు. కన్నకొడుకుని, నాకు తెలియదని చెప్పడానికి తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో కనబడుతున్న లక్షణాలు కూడా చెబుతాను. కొత్త కళ్లజోడు వచ్చింది. సంచిలో గోధుమరంగు అట్ట కవరు ఉంది. నేను చెయ్యి వెయ్యబోతే సంచి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. కూరగాయలు తరుగుతూ తనలో తాను ఏవో అంకెలు చదువుకుంటోంది. "పన్నెండు, నలభై, డెబ్భై మూడు" అంటుంది, కాసేపాగి మళ్లీ మొదలుపెడుతుంది. ఇది మెదడుకి సంబంధించిన జబ్బని నాకు గట్టి అనుమానం.

జబ్బు పేరు, ఇస్తున్న మందు, నా దగ్గర దాచడానికి కారణం, ఈ మూడూ వారం లోపల కాగితం మీద తెలపాలి. ఆఫీసుల దగ్గర నోటిమాట చెల్లదు, ప్రతిదీ రాతలో రాబట్టాలి అని నా దగ్గరున్న నీలం అట్ట పౌరహక్కుల పుస్తకం తొమ్మిదో పేజీలో ఉంది. అందుకే మీ ఆసుపత్రి మా వీధి చివరే అయినా పోస్టులో పంపుతున్నాను.

ఇట్లు,
ఎవరికీ తలవంచని పౌరుడు,
మూడో నంబరు మేడ, పై వాటా.

తా.క. నేను భయపడుతున్నానని అనుకోవద్దు. భయపడేవాణ్ణయితే అది నయమయ్యే జబ్బా కాదా అని అడిగేవాణ్ణి. అడగడం లేదు. మీ అంతట మీరు చెప్పదలుచుకుంటే చెప్పొచ్చు.

*

పై వాటా పౌరుడు గారికి,

రికార్డుల విభాగం నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. 214 నంబరు వేసి నమోదు చేశాం.

మీరు రాసిన ఆవిడ మా దగ్గర వైద్యం చేయించుకుంటున్నారని గానీ లేదని గానీ చెప్పడానికి వీల్లేదు. కొడుకైనా కూతురైనా ఇదే జవాబు. ఆ మనిషి స్వయంగా సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప ఒంటికి సంబంధించిన ఏ సంగతీ ఈ గది దాటదు. మీ నీలం అట్ట పుస్తకంలోనే పదకొండో పేజీలో ఈ మాట ఉంది, చూడగలరు.

ఆవిడనే కూర్చోబెట్టి నెమ్మదిగా అడగడం మంచిదని మా సలహా.

ఇట్లు,
రికార్డుల విభాగం.

తా.క. అర్జీలు కూర్చుని రాయండి. కిటికీ గట్టు మీద పెట్టి నిలబడి రాస్తే వెన్ను పట్టేస్తుంది. అన్నం సగంలో వదిలేసి లేచిపోవడం కూడా మంచిది కాదు.

*

రికార్డుల విభాగం వారికి,

ఈసారి నమస్కారం వాయిదా వేస్తున్నాను.

నేను కిటికీ గట్టు మీద రాస్తానని మీకెలా తెలుసు? అన్నం ముందు నుంచి లేచానని ఎవరు చెప్పారు? ఆ పూట ఇంట్లో ఉన్నది నేనూ మా అమ్మా మాత్రమే. కాబట్టి చెప్పింది ఇస్త్రీ అతనే అయ్యుండాలి. జనం ఇళ్లలోకి తొంగిచూడటానికి ఒక ఆసుపత్రి ఇస్త్రీ బండి పెట్టించిందంటే వ్యవహారం నేననుకున్నదానికన్నా లోతుగా ఉంది. అతనికి బట్టలివ్వడం మానేశాను. నలిగిన చొక్కాలతోనే తిరుగుతున్నాను.

మీ జవాబు మా అమ్మకి గట్టిగా చదివి వినిపించాను. సగంలోనే లేచి వంటింట్లోకి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్న మనిషిని ఏమడుగుతాం? కాసేపాగి, మీరు చెప్పినట్టే నెమ్మదిగా అడిగాను. నెమ్మదిగా కాదని కింది వాటా వాళ్లు అంటున్నారు, అది వాళ్ల అభిప్రాయం. మా అమ్మ ఒకే మాట అంది.

"నెలాఖరు దాకా ఓపిక పట్టరా. అన్నీ నేనే చెప్తాను."

నెలాఖరు. అంతవరకేనా మీ డాక్టర్లు ఇచ్చిన గడువు?

ఇక నేను చేతులు కట్టుకుని కూర్చోను. మీ గేటుకి అంటించిన ప్రకటన చూశాను. రోగుల వివరాలు చూసుకోవడానికి ఇద్దరు గుమాస్తాలు కావాలట, మాట పొదుపు ఉన్నవారికి ప్రాధాన్యమట. ఆ చివరి వాక్యం ఎందుకు పెట్టారో నాకు తెలుసు. నోరున్నవాడు లోపలికొస్తే గుట్టు బయటపడుతుందని. అందుకే వస్తున్నాను. ఉద్యోగానికి అర్జీ జతపరిచాను.

ఇట్లు,
అదే పౌరుడు, ఇప్పుడు అభ్యర్థి కూడా.

తా.క. అర్జీలో "మాట పొదుపు ఉందా" అనే ప్రశ్నకి ఎదురుగా ఇచ్చిన జాగా చాలలేదు. మూడు కాగితాలు అదనంగా కుట్టాను.

*

అభ్యర్థి గారికి,

మీ అర్జీ అందింది, కుట్టిన మూడు కాగితాలతో సహా. మా అధికారిణి గారు అవన్నీ చదివారు. ఒక్కోసారి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని మళ్లీ చదివారు. మీకు అవకాశం ఇవ్వాలని నిర్ణయించారు. గురువారం పదింటికి రండి. పరీక్షలో రెండు పనులుంటాయి. వివరం అడగడానికి వచ్చిన మనిషికి జవాబు చెప్పడం, ఇరవై ఫైళ్లు అరలో సర్దడం. సర్దే పద్ధతి కాగితం మీద రాసి తలుపుకి అంటించి ఉంటుంది. ముందు అది చదవగలరు.

మీరు రాసిన ఆవిడ గురించి మా జవాబు పాతదే. నెలాఖరు అనే మాటకి చెడ్డ అర్థం తీసుకోవద్దని మాత్రం అనగలం. ఇలా అనడం కూడా నియమానికి కాస్త బయటే.

ఇట్లు,
రికార్డుల విభాగం.

తా.క. ఇస్త్రీ అతను మా మనిషి కాదు. దయచేసి శుభ్రమైన చొక్కా వేసుకుని రండి.

*

రికార్డుల విభాగం వారికి,

వచ్చాను. చూశాను. ఇక దాచి లాభం లేదు.

మీ గది గురించి ముందు రాస్తాను. కప్పు దాకా ఇనుప అరలు, చక్రాల నిచ్చెన, కాగితాల వాసనా ఫినాయిలు వాసనా కలిసిన గాలి. జుట్టుముడిలో పెన్సిలు గుచ్చుకున్న మీ అధికారిణి. ఒక్క కిటికీ, అదీ సగం ఫైళ్లతో మూసుకుపోయింది. వెలుతురుకి ఇక్కడ ఎవరు భయపడుతున్నారో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి పరీక్షలో ఒకాయన వచ్చి, మా బావ మీ ఆసుపత్రిలో ఉన్నాడు, ఆయనకేమైందో చెప్పేవాళ్లు లేరు అని బతిమాలాడు. నా గుండె కరిగిపోయింది. నాలాంటివాడే కదా. ఫైలు మొత్తం ఆయన చేతిలో పెట్టి, జనానికి తెలుసుకునే హక్కు ఉందని పావుగంట మాట్లాడాను. ఆయన కళ్లొత్తుకున్నాడు. తర్వాత తెలిసింది, ఆయన మీ కాంపౌండరట. ఆ ఫైలు కూడా ఉత్తుత్తిదట. ఇది పరీక్షా, వలా?

రెండోది ఇంకా ఘోరం. 73-40-12 అనే ఫైలు పక్కన 05-41-12 ఉంది. దాని పక్కన 66-41-12. తలా తోకా లేదు. జనం ఫైళ్లు దొరక్కుండా చెయ్యడానికే ఇలా కలిపేశారని చూడగానే అర్థమైంది. తలుపు మీద కాగితం చదవలేదు. ఆఫీసులు తలుపుల మీద అంటించేవి చదవకూడదని నా నియమం. అధికారిణి టీకి వెళ్లిన ముప్పావుగంటలో మీరిచ్చిన ఇరవై ఫైళ్లే కాదు, ఆ అరలో ఉన్న రెండొందల ఫైళ్లూ ఒకటి నుంచి వరసగా పెట్టేశాను. ఆవిడ తిరిగొచ్చి చూసి, నిచ్చెన మెట్టు మీద కూలబడి తల పట్టుకుంది. దొరికిపోయినవాళ్లు ఎలా ఉంటారో ఆ రోజు చూశాను.

అసలు సంగతి. మధ్యలో మీ పేర్ల పట్టీ తిప్పి చూశాను. మా అమ్మ పేరు లేదు. పట్టీలో కూడా ఎక్కించకుండా దాచారంటే ఆ జబ్బు ఎంత పెద్దదై ఉండాలి?

ఇట్లు,
చూసినవాడు.

తా.క. మీ అధికారిణి మంచినీళ్లిస్తే తాగలేదు. తర్వాత దాహమేసి తాగాను. దాన్ని రాజీ అనుకోవద్దు.

*

చూసినవారికి,

మా దగ్గర ఫైలు నంబరు వెనక నుంచి చదువుతాం. చివరి రెండంకెలు ఏ అరో చెబుతాయి, ఆ తర్వాత నడిమి రెండు, ఆఖరున మొదటి రెండు. మామూలు వరసలో పెడితే కొత్త ఫైళ్లన్నీ చివరి అరలోనే పోగుపడి, పనిచేసేవాళ్లంతా అక్కడే ఒకరినొకరు తోసుకోవాలి. తలుపు మీద రాసిపెట్టింది ఇదే. మీరు సర్దినవాటిని మళ్లీ సర్దడానికి ముగ్గురికి ఒక పూటంతా పట్టింది. ఈలోగా కట్టు మార్పించుకోవడానికి వచ్చిన ఒక తాతగారు రెండు గంటలు బల్ల మీద కూర్చుని ఎదురుచూశారు.

విచారిస్తూ తెలియజేస్తున్నాం, మీరు ఎంపిక కాలేదు. రెండు ఖాళీల్లో ఒకదానికి పరీక్ష మీద తీసుకున్న మనిషి ఇప్పటికే పనిచేస్తున్నారు. నెలాఖరున ఖాయం చేస్తారు. పేర్ల పట్టీ తిప్పి చూడటం మాత్రం పెద్ద తప్పు. మీ పేరు అందులో ఉండి, ఇంకొకరు తిప్పి చూస్తే మీరెన్ని అర్జీలు రాసేవారో ఆలోచించండి.

ఇట్లు,
రికార్డుల విభాగం.

తా.క. ఆ ముగ్గురిలో ఒకరికి నిచ్చెన ఎక్కీ దిగీ మోకాలు పట్టేసింది. మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనుకున్నది మాత్రం చాలా ఉంది.

*

రికార్డుల విభాగం వారికి (సూపరింటెండెంటు గారికి అందజేయవలసిన ఫిర్యాదు),

తాతగారికి క్షమాపణ. మిగతా ఎవరికీ లేదు.

ఎవరా ఎంపికైన మనిషి? నాకు పరీక్ష పెట్టకముందే కుర్చీలో ఎలా కూర్చున్నట్టు? ఇన్నాళ్లూ నాకు ఉత్తరాలు రాస్తున్నది కూడా ఆ మనిషేనని కనిపెట్టాను. ఆఫీసు కాగితం మీద వెన్ను గురించి, అన్నం గురించి, చొక్కా గురించి రాసే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఊరివాళ్ల కాపురాల్లో వేలు పెట్టే ఇలాంటి మనిషి చేతిలో రోగుల గుట్లు పెట్టడం ప్రమాదం. ఈ మనిషిని నెలాఖరున ఖాయం చెయ్యకూడదు. తీసెయ్యాలి. లేకపోతే గేటు ముందు కూర్చుంటాను.

ఇంట్లో పరిస్థితి బాగా లేదు. జబ్బు కాళ్లకి దిగింది. రెండు రోజులుగా మోకాలికి నూనె రాసుకుంటోంది. నేను రాస్తానమ్మా అంటే, నువ్వు చేసింది చాల్లే అంది. అలా ఎందుకందో అర్థం కాక పొద్దుటి నుంచి ఏ హక్కుల పుస్తకమూ తెరవలేదు. నెలాఖరుకి ఆరు రోజులే ఉన్నాయి. ఆ తర్వాత ఈ రెండు గదుల్లో నేను ఎవరితో పోట్లాడాలి?

ఇట్లు,
పౌరుడు.

తా.క. ఈ కవరు డబ్బాలో వెయ్యమని మా అమ్మకే ఇస్తున్నాను, ఎలాగూ అటే వెళ్తోంది. ఇంత జబ్బులోనూ కొడుకు పోరాటానికి తోడు నడుస్తోంది. మీకు సిగ్గుండాలి.

*

పై వాటా పౌరుడికి,

దీవెనలు. ఇది మిగతావాటిలా టైపు మిషన్ మీద కొట్టకుండా చేత్తో రాస్తున్నాను కాబట్టి, రాత చూడగానే తెలిసిపోయి ఉంటుంది. నిలబడి ఉంటే కూర్చో.

ఆ గుమాస్తాని నేనే నాన్నా. ఉద్యోగంలో చేరాను. గోడలు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. సంచిలో కవరు పని నేర్చుకునే కాగితాలు. అంకెలు వెనక నుంచి చదవడం ఎందుకో ఇప్పుడు నీకు నాకన్నా బాగా తెలుసు.

ఇంటర్వ్యూలో అధికారిణి నన్ను ఒక్కటే అడిగింది. ఇరవై ఆరేళ్లు దర్జీ దుకాణంలో కొలతల పుస్తకం రాశావు కదా, వెనక వీధి పంతులమ్మ నడుము ఎంత అని. గుర్తులేక కాదు, చెప్పలేదు. చూస్తే ఆ పంతులమ్మ ఈవిడ చెల్లెలే. అప్పుడే తీసుకుంటానంది.

నీకెందుకు చెప్పలేదంటే, దుకాణం సంగతి నేను మర్చిపోలేదు. మా కుర్చీలకి వీపు చెక్కలు లేవని నువ్వొచ్చి యజమాని ముందు గంటసేపు మాట్లాడావు. నీ వల్లే దుకాణం మూతపడిందని అనను. కానీ మూసేస్తానని ఆయన మొదటిసారి అన్నది ఆ రోజే. ఖాయమయ్యాక చెబుదామని ఊరుకున్నాను. నీ మొదటి ఉత్తరం రాగానే మాత్రం మా వాడిదేనని అధికారిణికి చెప్పేశాను. అయితే జవాబులు నువ్వే రాయి, పరీక్షలో ఇదీ ఒక భాగమనుకో అంది. ఆ పూట వంటింట్లో నేను ఏడవలేదురా. నవ్వు ఆపుకోలేక చచ్చాను. నెలాఖరు అన్న మాటని నువ్వలా తీసుకున్నావని తెలిశాక మాత్రం నవ్వలేదు. అన్నీ చెప్పేద్దామని రెండుసార్లు నీ గది దాకా వచ్చాను. రెండుసార్లూ నువ్వు నాకే ఉత్తరం రాస్తున్నావు.

ఇక నీ ఫిర్యాదు. వచ్చిన ప్రతి కవరూ తెరిచి, చదివి, నంబరు వేసి పైకి పంపడం కొత్త గుమాస్తా పని. నన్ను తీసెయ్యమనే కాగితాన్ని నేనే మోసుకొచ్చి, నేనే తెరిచాను. చింపేస్తే అడిగేవాళ్లు లేరు. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. 231 నంబరు వేసి సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివి, ఈ రాసిన మనిషి మీకు తెలుసా అని అడిగారు.

"చెప్పడానికి వీల్లేదండి" అన్నాను.

అధికారిణి కిటికీ వైపు తిరిగిపోయింది. తర్వాత ఆవిడే అసలు సంగతి ఆయనకి చెప్పింది. ఆయన నవ్వలేదు. ఫిర్యాదులో ఒక్క మాట నిజమే, ఆఫీసు కాగితం మీద అన్నం గురించీ చొక్కా గురించీ రాయడం తప్పే అని, ఇకమీదట ఈ విభాగం నుంచి తా.క.లు వెళ్లకూడదని ఉత్తర్వు రాయించారు. ఆ కింద నన్ను ఖాయం చేస్తూ సంతకం పెట్టారు. ఆరు రోజులు ఆగక్కర్లేదన్నారు.

నీ మీద నాకు కోపం లేదు. ఒక ముక్క చెప్పనా? అమ్మ ఏమైపోతుందోనని భయమేస్తే, భయమేస్తోందమ్మా అని అడగాలి. దానికి నంబరు అక్కర్లేదు.

సాయంత్రం ఇద్దరం కలిసి తిందాం. మళ్లీ ఉత్తరం రాస్తానంటే నీ ఇష్టం. నంబరు వేస్తాను.

ఇట్లు,
మీ అమ్మ,
ఖాయమైన గుమాస్తా.

తా.క. ఇది ఇంటి ఉత్తరం కాబట్టి ఉత్తర్వు వర్తించదు. మీ అమ్మకి ఏ జబ్బూ లేదు. మోకాలు ఒక్కటే, అదీ ఎవరి వల్లో నీకు తెలుసు. ఈ వివరం నీకు తెలపడానికి ఆవిడ దగ్గర సంతకం తీసుకున్నాను.