పక్కింటి మోటారు

తెనాలి

అమ్మాయి క్రిస్టినాకు,

బాలసరస్వతి ఆంటీ దీవెనలు. వాట్సాప్‌లో పెడితే వీధంతా చదువుతుందని ఉత్తరం రాస్తున్నాను. మా వీధి చివర ఏసమ్మగారి కుళాయికి నీళ్లెందుకు రావో మీ కాలేజీవాళ్లు కాకుండా మేమే పరిశోధించాలన్నావు కదా. నేనూ, ఎదురింటి హెలెనూ ఇంటింటికీ వెళ్లి, కుళాయికి నీళ్లు లాగే మోటారు బిగించారా అని అడిగాం. ఎవరూ బిగించలేదట. అందరూ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

ఉంటాను,
బాలసరస్వతి

తా.క. మా ఇంట్లోనూ లేదని రాసుకున్నాను. కాఫీ మాత్రం నేనే పెట్టుకున్నాను.

బాపట్ల

ఆంటీ గారికి నమస్కారం.

ఎవరికీ మోటారు లేదంటే గొట్టం పగిలిందనుకుంటారు. ఇదే మున్సిపాలిటీకి పంపిస్తే వీధి మొత్తం తవ్వుతారు. ఏసమ్మగారు ఈ వేసవి కూడా బిందెలు మోయాల్సిందే. మీరంతా కూర్చుని ప్రశ్న మార్చి చూస్తారా?

మీ క్రిస్టినా

తెనాలి

అమ్మాయీ,

మార్చాం. తన సంగతి చెప్పడానికి మొహమాటపడే మనిషి పక్కింటి సంగతికి పడడు కదా. మీ పక్కింట్లో మోటారుందా అని అడిగాం. వెంకటప్పయ్యగారైతే గోడెక్కి మరీ చూపించారు. మా ఇంటికి అటూ ఇటూ ఉన్న ఇళ్లకు మాత్రం హెలెన్ ఒక్కతే వెళ్లింది. ఆ కాయితాలు నేను చూడకుండా పంపుతున్నాను.

బాలసరస్వతి

తా.క. ఈసారి ఎవరూ కాఫీ ఇవ్వలేదు. చెప్పే హడావిడిలో మరిచిపోయారు.

బాపట్ల

ఆంటీ గారికి,

ఎలా రాయాలో తెలియడం లేదు. ఏసమ్మగారిది తప్ప అన్ని ఇళ్లలోనూ మోటారు ఉందట. మీ ఇంట్లో కూడా. నీళ్లొచ్చే వేళకి మీ పెరట్లోంచి గుయ్‌మని శబ్దం వస్తుందని రాశారు.

క్రిస్టినా

తా.క. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి. పరిశోధన మాత్రం ఆపకండి.

తెనాలి

క్రిస్టినా గారికి,

అది మా వారి ప్రాణాయామం. భ్రామరి అంటారు, తుమ్మెదలా శబ్దం చేయాలి. రోజూ పెరటి గదిలో తలుపేసుకుని చేస్తారు. రేపు నీళ్లొచ్చే వేళకి వచ్చి కళ్లారా చూసుకోమని వీధి మొత్తానికి కబురు పెట్టాను.

ఇట్లు,
శ్రీమతి బాలసరస్వతి

తా.క. అందరికీ టిఫిన్ కూడా పెడుతున్నాను.

తెనాలి

అమ్మాయి క్రిస్టినాకు,

అందరి ముందూ తలుపు తీశాను. మా వారు కళ్లు మూసుకుని నిజంగానే భ్రామరి చేస్తున్నారు. పక్కన మోటారు తిరుగుతోంది. దాని చప్పుడు నాకు వినపడకూడదని చేస్తున్నారట.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"నీ పూలమొక్కలకే కదే," అన్నారు.

ఏసమ్మగారు బిందె చంకన పెట్టుకుని అక్కడే ఉన్నారు. "మీ వారికి రోజూ ఎంత శ్రమమ్మా," అన్నారు. ఎవరూ నవ్వలేదు. నేనే మోటారు ఆపి, అప్పటికప్పుడు ఊడదీయించాను. టిఫిన్ ముట్టకుండా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లి, ఎవరి మోటారు వాళ్లే తెచ్చి మా అరుగు మీద పెట్టారు. మా వారు రేపల్లెలో వాళ్ల చెల్లెలింటికి వెళ్లారు.

నీ ఆంటీ,
బాలసరస్వతి

తా.క. ఏసమ్మగారు ఎప్పుడో కుళాయి తిప్పి, రాని నీళ్లకు కుళాయి కట్టేసేదేముందని అలాగే వదిలేశారట. మర్నాడు వంటింట్లోంచి వాకిలి దాకా ఒకటే నీళ్లు. ఆవిడ తుడవలేదు. తలుపులు బార్లా తీసి అందరినీ లోపలికి పిలిచారు. పాదాలు తడిసేదాకా ఎవర్నీ పోనివ్వలేదు.